నాన్న ఇంట్లో అక్కచెల్లెళ్ల వాటా: వాళ్లు వద్దంటే సరిపోతుందా?

ప్రశ్న: బోరబండ మెకానిక్

అస్సలాము అలైకుమ్. విషయం కాస్త పొడుగు. తెలిసిన పెద్దలు నిదానంగా చదివి జవాబివ్వండి.

మాది సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాన్న లారీ మెకానిక్‌గా హైదరాబాద్ వచ్చి, బోరబండలో 160 గజాల స్థలం కొని, ముందు రేకుల ఇల్లు, తర్వాత స్లాబు వేశారు. రోడ్డు వైపు రెండు షట్టర్లు ఉన్నాయి, అద్దెకిచ్చాం. పైన మేడ మాత్రం అన్నయ్య సౌదీ నుంచి పంపిన డబ్బుతో లేచింది. మేం ఇద్దరు అన్నదమ్ములం, మాకు ముగ్గురు అక్కచెల్లెళ్లు. అక్క నల్గొండలో, ఒక చెల్లెలు లంగర్‌హౌస్‌లో, చిన్నది వరంగల్‌లో ఉంటున్నారు. నేను ఆర్టీసీలో మెకానిక్‌ని. నాన్న పోయిన రంజాన్‌కు ముందు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మ ఉంది. తాతయ్య, నానమ్మ ఎప్పుడో పోయారు.

ఇంతకుముందు నాకు దీన్ (ధర్మం) అంటే శుక్రవారం జుమా నమాజు, రంజాన్ ఉపవాసాలు, రెండు పండుగలు. అంతకు మించి తెలియదు. నాన్న మంచాన పడ్డాక ఆయన దగ్గర కూర్చుని ఖుర్ఆన్ తెలుగు అనువాదం చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆయనకు ఉర్దూ చదవడం రాదు, నాకూ రాదు. రోజూ కొంచెం కొంచెంగా చదువుతుంటే, మా ఇంటి సంగతులే అందులో ఇంత వివరంగా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమని ఉంది. విడిపోయిన భార్య బిడ్డకు పాలిస్తుంటే ఆమె తిండీ బట్టా తండ్రే చూడాలని ఉంది. అలా చదువుతూ చదువుతూ నిసా సూరా (అధ్యాయం) దగ్గరికి వచ్చాం. తల్లిదండ్రులు వదిలివెళ్లిన దానిలో మగవాళ్లకు వాటా ఉంది, ఆడవాళ్లకూ వాటా ఉంది, అది కొద్దిదైనా ఎక్కువైనా సరే, నిర్ణయమైపోయిన వాటా అని 7వ ఆయత్ (వాక్యం)లో ఉంది. నాన్న ఏమీ అనలేదు. మళ్లీ చదవమన్నారు. చదివాను. కళ్లు మూసుకుని విన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నలభయ్యో రోజు చెహల్లుం అయిపోయాక అన్నయ్య నన్ను పక్కకు పిలిచి, ఇల్లు మన ఇద్దరి పేర్ల మీదికి మార్పించుకుందాం అన్నాడు. ఆడపిల్లల పెళ్లిళ్లకు నాన్న ఉన్నదంతా ఊడ్చి పెట్టారు, అల్లుళ్లకు జోడే డబ్బులు, అంటే కట్నం, ఇచ్చారు, మంచాలు బీరువాలు ఇచ్చారు, వాళ్ల వాటా అప్పుడే వెళ్లిపోయింది అన్నది అతని మాట. అన్నయ్య చెడ్డవాడు కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో దేశం దాటి వెళ్లి మా అందరినీ నిలబెట్టింది అతనే. నాన్న మందుల ఖర్చులో సగానికి పైగా అతనిదే. వచ్చే అద్దెలు కూడబెట్టి అమ్మను మక్కాకు ఉమ్రా యాత్రకు తీసుకెళ్లాలని కూడా అనుకుంటున్నాడు.

అమ్మను అడిగితే, ఉన్న నాలుగు రోజులు మీరు కలిసి ఉంటే చాలు అంటోంది. అక్క ఫోనులో, నాకేమీ వద్దురా, పుట్టిల్లు ఉంటే చాలు, ఈ మాట మళ్లీ ఎత్తకు అంది. చెల్లెళ్లు అక్క మాటే మా మాట అన్నారు.

ఇంకొకటి కూడా నన్ను నిద్రపోనివ్వడం లేదు. నాన్న జనాజా (శవయాత్ర) లేచే ముందు ఆడవాళ్లు అమ్మ చుట్టూ చేరి, మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) మాఫ్ చేశానని చెప్పు, చెప్పు అని తొందర పెట్టారు. అమ్మ ఏడుస్తూ తలూపింది. అది మాఫీ అవుతుందా?

నేను అడిగేవి ఇవి. అక్కచెల్లెళ్లు వద్దంటే మా బాధ్యత తీరినట్టేనా? పెళ్లి ఖర్చును వాటాలో తగ్గించుకోవచ్చా? అన్నయ్య ఒప్పుకోకపోతే నా సగంలో నుంచి వాళ్లకు ఇచ్చేసి ఊరుకోవచ్చా? అన్నయ్యతో పోట్లాడడం నాకు ఇష్టం లేదు. ఐదు పూటలా నమాజు చేస్తూ ఈ ఒక్కదాని దగ్గర కళ్లు మూసుకోవడం కూడా నావల్ల కాదు.

జవాబు: టోలిచౌకి దర్జీ

వ అలైకుముస్సలాం తమ్ముడూ. నేను మీ అక్క స్థానంలో ఉన్న మనిషిని కాబట్టి ముందుగా రాస్తున్నాను.

నేనూ వద్దన్నాను. మా నాన్న పోయిన నెలలోనే కాగితాల మీద సంతకం పెట్టాను. మా ఆయన ఆటో నడుపుతారు, నేను బ్లౌజులు కుడతాను, డబ్బు అక్కర్లేని ఇల్లు కాదు మాది. మరి ఎందుకు వద్దన్నానంటే, అన్నలిద్దరూ ఎదురుగా కూర్చున్నారు, వదినలు తలుపు దగ్గర నిలబడ్డారు, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ గదిలో ‘నాకు కావాలి’ అన్న ఆడపిల్ల రంజాన్ పండుగకు మళ్లీ ఆ గడప ఎలా తొక్కుతుంది? నా పిల్లలకు ఈదీ ఇచ్చేది ఎవరు? రేపు నా కూతురి పెళ్లిలో మేనమామలుగా నిలబడేది ఎవరు? నేను వాటా వదులుకోలేదు తమ్ముడూ, వాటా ఇచ్చి పుట్టిల్లు కొనుక్కున్నాను. మీ అక్క కూడా అదే మాట అంటోంది కదా, పుట్టిల్లు ఉంటే చాలని.

మీ అక్క మనసు నిజంగా తెలుసుకోవాలంటే ఫోనులో అడగకండి. అన్నయ్య ముందు అసలే వద్దు. మీ ఆవిడతో కలిసి నల్గొండ వెళ్లి కూర్చోండి. ‘నీకు కావాలా’ అని అడగకండి. ‘ఇది నీది, ఇంత వస్తుంది, ఎప్పుడు ఎలా తీసుకుంటావో చెప్పు’ అనండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. ముందు ఆమె చేతిలో పెట్టండి. తర్వాత ఆమె తిరిగి ఇచ్చినా, మసీదుకు ఇచ్చినా, చీర కొనుక్కున్నా ఆమె ఇష్టం.

ఇంకో మాట. ముగ్గురినీ విడివిడిగా కలవండి. అక్క మాటే మా మాట అన్న చెల్లెళ్లకు వేరే అవసరాలు ఉండవచ్చు.

జవాబు: మల్లేపల్లి పెద్దాయన

నేను ముఫ్తీని (ధర్మ తీర్పులు చెప్పే పండితుణ్ని) కాను, మదర్సాలో కొన్నేళ్లు చదివి తర్వాత బడిపంతులుగా పని చేసినవాణ్ని. లెక్క చెబుతాను. కానీ మీ కాగితాలన్నీ పట్టుకుని శిబ్లీగంజ్‌లో జామియా నిజామియా మదర్సాలోని దారుల్ ఇఫ్తాకు (ధర్మ సందేహాలకు జవాబిచ్చే విభాగానికి) వెళ్లి రాతపూర్వకంగా అడగండి. మీ అన్నయ్యను వెంట తీసుకెళ్లండి. తమ్ముడు చెబితే వినని మాట అక్కడి కాగితం మీద చూస్తే వింటాడు.

పంచే ముందు వరుస ఉంది. మొదట కఫన్, దఫన్ (శవవస్త్రం, ఖననం) ఖర్చులు. తర్వాత అప్పులు. తర్వాత వసీయత్ (వీలునామా) ఉంటే ఆస్తిలో మూడో వంతుకు మించకుండా, అదీ వారసులు కానివాళ్లకు. ఆ తర్వాత మిగిలినదే వాటాలకు వస్తుంది. చెహల్లుం విందు ఖర్చు ఈ వరుసలో లేదు, అది ఎవరు పెట్టారో వాళ్లదే.

మెహర్ చెల్లించకపోతే అది మీ నాన్నగారి మీద అప్పు. భార్య మనస్ఫూర్తిగా కొంత వదిలితే తీసుకోవచ్చని నిసా సూరా 4వ ఆయత్‌లో ఉంది. శవం పక్కన పదిమంది ఒత్తిడి చేస్తే తలూపడాన్ని మనస్ఫూర్తి అని ఎవరంటారు? అమ్మగారు కుదుటపడ్డాక ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నికాహ్ రోజు రాసిన పత్రం, సియాహనామా, తీసి ఎంతో చూడండి.

ఇప్పుడు వాటాలు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. ఇద్దరు కొడుకులకు నాలుగు, ముగ్గురు కూతుళ్లకు మూడు. కొన్ని ఇళ్లలో భిన్నాలతో తల తిరుగుతుంది, మీ ఇంట్లో అల్‌హమ్దులిల్లాహ్ సరిగ్గా ఎనిమిది భాగాలుగా తేలింది. 160 గజాల్లో అమ్మగారికి 20, మీకూ అన్నయ్యకూ చెరో 40, ఆడపిల్లలకు తలా 20. నాన్నగారు పోయిన రోజు నుంచి షట్టర్ల అద్దె కూడా ఇదే లెక్కలో అందరిదీ. ఉమ్రా మంచి సంకల్పమే, అయితే ఆ డబ్బుకు ఆరుగురు యజమానులు ఉన్నారు. అందరూ ఇష్టంగా ఒప్పుకుంటే వెళ్లండి.

పెళ్లి ఖర్చు సంగతి. తండ్రి బతికుండగా ఇచ్చినది వాటాలో నుంచి కోయడానికి లేదు. తండ్రి పిల్లల మధ్య సమానంగా ఇవ్వాలన్నది నిజమే, దైవప్రవక్త (స) సహచరుడు నుఅమాన్ బిన్ బషీర్ (ర) చెప్పిన హదీసు ఉంది. ఆయన తండ్రి ఒక్క కొడుక్కే కానుక ఇచ్చి సాక్ష్యానికి వస్తే దైవప్రవక్త (స), నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగారు, లేదంటే సాక్ష్యం పలకలేదు. అది తండ్రి చూసుకోవలసిన న్యాయం. వారసత్వం తండ్రి పోయాక అల్లాహ్ నిర్ణయించిన హక్కు. ఆ రెండింటినీ కలిపి లెక్క కట్టకూడదు. పైగా జోడే డబ్బులు అల్లుళ్ల చేతికి వెళ్లాయి, కూతుళ్ల చేతికి కాదు.

మరో సహచరుడు సఅద్ బిన్ రబీ (ర) ఉహుద్ యుద్ధంలో షహీద్ (అమరుడు) అయినప్పుడు ఆయన సోదరుడు ఆస్తంతా తీసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చింది. వారసత్వ ఆయత్ అవతరించాక ఆయన ఆ సోదరుణ్ని పిలిపించి, కూతుళ్లిద్దరికీ మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వు, మిగిలింది నీది అన్నారు. మన చట్టం మొదలైనదే ఇలా ఒక తల్లి వచ్చి అడగడంతో.

హక్కుదారు ‘వద్దు’ అన్నంత మాత్రాన ఆమె వాటా రద్దు కాదు. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో ఆమె తన భాగం స్వాధీనం చేసుకుని తర్వాత కానుకగా ఇవ్వవచ్చు, లేదా ఇష్టపడి ఏదో ఒక సొమ్ము తీసుకుని తప్పుకోవచ్చు. టోలిచౌకి చెల్లెమ్మ అనుభవంతో చెప్పింది కూడా అదే.

మీ అన్నయ్యకూ న్యాయం జరగాలి. మేడకు పంపిన డబ్బు నాన్నగారికి అప్పుగా ఇచ్చాడా, కట్టుబడిలో నాకు భాగం అని మాట్లాడుకున్నారా, కొడుకుగా ఊరికే ఇచ్చాడా? అప్పయితే పంచే ముందే తీర్చాలి. భాగమని ఒప్పుకుని ఉంటే ఆ భాగం అతనిది. ఊరికే ఇచ్చి ఉంటే నాన్నగారి ఆస్తిలో కలిసిపోయింది, దాని ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది. ఈ మాట మీరే ముందు ఎత్తండి. వాటాల గురించి అతనితో మాట్లాడే హక్కు మీకు అప్పుడు వస్తుంది.

జవాబు: ఓల్డ్ సఫిల్‌గూడ

అన్నీ నిజమే కావచ్చు. కానీ అమ్మ బతికి ఉండగా ఇల్లు పంచడం మన దగ్గర ఎక్కడుంది? అమ్మ పోయేదాకా ఆగండి. అప్పటికి అన్నయ్య మనసు కూడా మారవచ్చు. చట్టాలు, లెక్కలు అని కూర్చుంటే మిగిలేది కోర్టు వాయిదాలు. మా బాబాయిల ఇంట్లో చూశాను, ఒకరి జనాజాకు ఒకరు రాలేదు.

జవాబు: మల్లేపల్లి పెద్దాయన

సఫిల్‌గూడ భాయ్, మీ బాధ అర్థమైంది. పంచడం అంటే గోడలు కట్టడం కాదు. ఎవరిది ఎంతో ఇప్పుడే తేల్చి రాసుకుని, అమ్మ ఆ ఇంట్లోనే ఉండేలా అందరూ ఒప్పుకోవచ్చు. ఆగితే జరిగేది వేరు. ఈ ఐదుగురిలో ఎవరైనా ముందు పోతే, వాళ్ల వాటా వాళ్ల భార్యకో భర్తకో పిల్లలకో వెళ్తుంది. ఆరుగురు కూర్చుని మాట్లాడుకునే విషయం ఇరవై మందిది అవుతుంది, అందులో సగం మంది ఒకరినొకరు ఎరుగరు. మీ బాబాయిల ఇంట్లో గొడవ పంచినందుకు వచ్చిందా, పంచకుండా వదిలేసినందుకు వచ్చిందా, ఒకసారి ఆలోచించండి.

జవాబు: దస్తావేజుల రాత

నేను ముస్లింను కాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తాను. ఆడపిల్లకు పెళ్లి చేశాం కదా అన్న మాట నా బల్ల దగ్గర అన్ని మతాలవాళ్లూ అంటారు. హిందూ కుటుంబాల్లో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది, 2005లో దేశమంతటా ఆడపిల్లలందరికీ ఆ హక్కు వచ్చింది. అయినా నా దగ్గరికి వచ్చే అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం రాయించడానికే వస్తారు. అక్కచెల్లెళ్లు గుమ్మం బయట నిలబడి ఉంటారు. చూస్తే బాధగా ఉంటుంది.

మీ విషయంలో 1937 షరియత్ చట్టం ప్రకారం వారసత్వం మీ ధర్మశాస్త్రం లెక్కనే నడుస్తుంది. వ్యవసాయ భూమిని ఆ చట్టం పక్కన పెట్టింది, మీది ఇంటి స్థలం కాబట్టి ఆ చిక్కు లేదు. తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. అందులో ఆరుగురి పేర్లూ ఉండాలి. మీ ఇద్దరి పేర్లే పెట్టిస్తే అది తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. పంపకాల దస్తావేజు ఆరుగురి సంతకాలతో రిజిస్టర్ చేయించండి. కట్నాన్ని వాటా కింద చూపించే ఆలోచన మానుకోండి, కట్నం ఇవ్వడం తీసుకోవడం 1961 చట్టం కింద నేరం, దాన్ని కాగితం మీద లెక్కగా రాయలేరు.

చెల్లెళ్లకు స్థలం ఇవ్వడం కుదరకపోతే వాళ్ల భాగానికి ఈనాటి ధర కట్టి డబ్బు ఇవ్వండి. గడువులు రాసుకోండి. నోటిమాటగా పెట్టుకోవద్దు.

ప్రశ్న వేసిన బోరబండ మెకానిక్

జజాకల్లాహు ఖైర్. ప్రతి జవాబూ మా ఆవిడకు చదివి వినిపించాను. జరిగింది చెబుతాను, ఇంకా పూర్తి కాలేదు.

పెద్దాయన చెప్పినట్టు మేడ డబ్బు సంగతే ముందు ఎత్తుదామనుకుని నాన్న ట్రంకు పెట్టె వెతికాను. స్పానర్ల కింద, ఆయిలు మరకలతో ఒక పాత డైరీ దొరికింది. సౌదీ నుంచి వచ్చిన డ్రాఫ్టులన్నీ తేదీలతో రాసుకున్నారు. ఆ పేజీ చివర ‘పెద్దవాడికి ఇవ్వాలి’ అని ఉంది. అన్నయ్యకు ఈ సంగతి తెలియనే తెలియదు. ఇషా నమాజు తర్వాత మసీదు మెట్ల దగ్గర డైరీ చేతిలో పెట్టాను. ఇది నాన్న నీకు బాకీ ఉన్నది, పంచే ముందు ఇది నీకు రావాలి అన్నాను. అన్నయ్య ఆ దస్తూరీని చాలాసేపు చూశాడు. నేను వాటా అడగడానికి వచ్చానేమో అనుకున్నాను అన్నాడు. దానికోసమే వచ్చాను, అది ఇందాకటి దాని తర్వాతి పేజీ అన్నాను.

వెంటనే ఒప్పుకున్నాడని చెప్పను. ఆడపిల్లలకు మూడు వంతులు డబ్బుగా ఇవ్వాలంటే ఎక్కడి నుంచి తేవాలి, మేడ అమ్ముకోవాలా అని గట్టిగానే మాట్లాడాడు. వదిన కూడా నొచ్చుకుంది. ఆమె కోపంలో న్యాయం ఉంది, ఆ మేడ కోసం ఆమె పెళ్లయిన కొత్తలో భర్త లేకుండా గడిపింది. నేను ఆ మాట ఆమెతో అన్నాను కూడా. మర్నాడు అన్నయ్యే ఫోను చేసి, నిజామియాకు ఎప్పుడు వెళ్దాం అని అడిగాడు. ఇద్దరం ఒకే బండి మీద వెళ్లి ప్రశ్న రాసిచ్చి వచ్చాం. జవాబు ఇంకా రావాలి.

అమ్మ సియాహనామా బయటికి తీసింది. మెహర్ 1,100 రూపాయలని ఉంది. ఒంటరిగా అడిగాను. అప్పుడు అందరూ అంటే తలూపాను, ఇప్పుడు నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా, నాకు కావాలి, మీ నాన్న ఇస్తానన్నది అది అంది. ఎంత చిన్న మొత్తమో చూడండి, ఇన్నేళ్లూ ఎవరూ ఆమెను అడగలేదు. అన్నయ్య అప్పటికప్పుడు జేబులో నుంచి తీసి ఇచ్చాడు. అమ్మ ఆ నోట్లు లెక్కపెట్టుకుంది.

అక్క దగ్గరికి మా ఆవిడా నేనూ వెళ్లాం. నీ వాటా 20 గజాలు, దీని ధర కట్టిస్తున్నాం, ఎలా తీసుకుంటావు అని అడిగాను. మొదట కోప్పడింది, అన్నయ్యకు తెలిసే వచ్చావా అంది. అన్నయ్యతో ఫోనులో మాట్లాడించాను. ఆ తర్వాత బావగారు లేచి బయటికి వెళ్లాక చెప్పింది, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు గాజులు తాకట్టు పెట్టిందట. లంగర్‌హౌస్ చెల్లెలు స్థలమే కావాలంది, కిరాయి ఇంట్లో విసిగిపోయింది. చిన్నది తన వాటా తీసుకుని అమ్మకు ఇస్తానంటోంది. అది ఆమె ఇష్టం, ముందు ఆమె చేతికి వెళ్లాకే.

ఒక్క చిక్కు మిగిలింది. షట్టర్ల కిరాయిదార్ల దగ్గర నాన్న అడ్వాన్సు తీసుకున్నారు. ఆ డబ్బు ఆస్పత్రి ఖర్చుల్లో అయిపోయింది. దాన్ని ఏ లెక్కలో చూపాలని అన్నయ్య అడిగాడు, నాకు తెలియలేదు.

జవాబు: మల్లేపల్లి పెద్దాయన

ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కాబట్టి అది కూడా నాన్నగారి అప్పే. మీ అన్నయ్య బాకీ పక్కనే రాసుకోండి, రెండూ తీసేశాకే ఎనిమిది భాగాలు చేయండి. షట్టర్లు ఎవరి వాటాలోకి వస్తాయో వాళ్లు రేపు కిరాయిదార్లకు ఎంత కట్టాలో దస్తావేజులో పేరుతో సహా ఉండాలి.